నారింజలు విసిరిన ఓడ

కార్క్ అనే ఐరిష్ రేవు నగరంలో పీజీ చేస్తున్నప్పుడు నా థీసిస్ ఒక ఇటలీ ఓడ చరిత్ర మీద. రెండు ప్రపంచయుద్ధాల మధ్య తిరిగిన విలాసనౌక అది. పాలరాతి మెట్లు, బంగారు పూత పైకప్పులు, డెక్ మీద ఈతకొలను. అప్పటి నియంత ప్రభుత్వం దాన్ని చూపించి ఛాతీ విరుచుకునేది. తర్వాత యుద్ధంలో బాంబులు పడి కాలిపోయింది.

వారాంతాల్లో రింగాస్కిడీ అనే తీరపు ఊరి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేదాన్ని. అక్కడ తొంభై దాటిన ఒకాయనకి గడ్డం గీస్తూ ఆ ఓడ సంగతి ఎత్తాను. చిన్నప్పుడు దాన్ని చూశానన్నాడు. అది అక్కడి ఒడ్డుకి దూరంగా లంగరు వేసేదట. వాళ్ల నాన్న పడవలో ప్రయాణికుల్ని చేరవేసేవాడు. ఒకరోజు కొడుకునీ వెంట తీసుకెళ్లాడు.

"ఓడ పైనుంచి ప్రయాణికులు నారింజలు విసిరారు. అప్పటిదాకా నేనెప్పుడూ నారింజ తిని ఎరగను. అందుకోబోయి నీళ్లలో పడ్డాను. నాన్న నన్ను పైకి లాగుతుంటే వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. మళ్లీ దూకుతానేమో చూద్దామని ఇంకో రెండు విసిరారు," అన్నాడు.

వచ్చేవారం రికార్డర్ తెస్తానన్నాను. ఆ రోజు ఇంటికెళ్లాక వాళ్ల నాన్న ఏమన్నాడో అప్పుడు చెప్తానన్నాడు.

ఆ వారంలోనే కోవిడ్ అని తలుపులు మూశారు. ఆయనకి జ్వరం వచ్చింది. ఆయన కూతురు రోజూ వచ్చి కిటికీ బయట నిలబడేది. సరిగ్గా వినపడని మనిషితో అద్దంలోంచి ఏం మాట్లాడుతుంది? చెయ్యి ఊపేది. ఆయన పోయినప్పుడు ఆవిడ పార్కింగ్‌లో కారులోనే ఉంది. లోపలికి రానివ్వలేదు.

ఆయన చెప్పింది థీసిస్‌లో రాశాను. ఆన్‌లైన్ మీటింగ్‌లో ప్రొఫెసర్ ఆ పేజీ తీసేయమన్నాడు. రికార్డింగ్ లేదు, మరో సాక్షి లేడు, ఒక ముసలాయన జ్ఞాపకం చరిత్ర కాదన్నాడు. పాలరాతి మెట్ల వర్ణనకి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. అది ఓడ కంపెనీ తన గురించి తాను అచ్చేసుకున్న పుస్తకంలోది. చాలాసేపు వాదించాను. ఆ పేజీ ఉంటే పాస్ చెయ్యనన్నాడు. తీసేశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసి, థీసిస్‌లో నాన్న గురించి ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆయన చెప్పిందంతా ఆవిడకి చెప్పి, ఆ రోజు ఇంటికెళ్లాక మీ తాతగారు ఏమన్నారో మీకైనా తెలుసా అని అడిగాను.



"నీళ్లలో పడ్డాడని మాకెప్పుడూ చెప్పలేదు," అంది. "ఓడ చాలా అందంగా ఉండేదనే చెప్పేవాడు."