తెర మీద బోర్డక్క పేరు

మా ఫ్లయింగ్ స్కూల్లో ఆమెను అందరూ బోర్డక్క అనేవారు. ఏ విమానం ఎవరికి, ఎన్ని గంటలకు, ఏది ఎగరొచ్చు, ఏది ఎగరకూడదు అన్నదంతా డెస్కు వెనక తెల్లబోర్డు మీద పందొమ్మిదేళ్ళపాటు ఆమే రాసింది. ఏ విమానంలోనైనా తేడా ఉందని తెలిస్తే దాని గడిలో ఎర్ర బిళ్ళ అంటించి, తాళంచెవి తన సొరుగులో పడేసేది. ఇక ఎవరొచ్చి బతిమాలినా అది బయటికి వచ్చేది కాదు. "మెకానిక్ సంతకం పెట్టాక రండి. ఈలోపు టీ తాగండి," అనేది.

నేనక్కడ పన్నెండేళ్ళు పైలట్లకు శిక్షణ ఇచ్చాను. ఆమెతో పేచీ పడని నెల లేదు. ఆమెను అడక్కుండా గాల్లోకి లేచిన రోజూ లేదు, ఒక్కటి తప్ప.

కొత్త మేనేజరు వస్తూనే బోర్డు తీసేసి సాఫ్ట్‌వేర్ పెట్టిద్దామన్నాడు. బోర్డక్క అడ్డు చెబుతుందనుకున్నాం. "రానివ్వండి. రాసి చెరిపి, రాసి చెరిపి భుజం పడిపోయింది," అంది. ఒక చిన్న కంపెనీ నుంచి ప్రోగ్రామర్ అమ్మాయి వచ్చి, మూడు నెలలు ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. బోర్డక్క ఏదీ దాచుకోలేదు. ఎన్ని గంటలు ఎగిరాక ఏ తనిఖీ చేయాలి, పక్కగాలి ఎంతుంటే కొత్తవాళ్ళను పంపకూడదు, వైద్య పరీక్ష గడువు దాటినవాళ్ళు ఆ సంగతి ఎలా దాటేస్తారు, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. తయారైన తెర నిజంగానే బాగుంది. పేరు పక్కన ఆకుపచ్చ ఉంటే విమానం ఎగరొచ్చు, ఎరుపుంటే లేదు. తాళంచెవుల పెట్టెను కూడా దానికే కలిపారు. ఎరుపున్న విమానం తాళంచెవిని ఆ పెట్టె బయటికివ్వదు.

నాలుగు నెలలు అంతా సవ్యంగా నడిచింది.

ఆ రోజు ఉదయం ఏడున్నరకు ఒక విద్యార్థి దిగివచ్చి, పైకెక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోందని చెప్పాడు. నేల మీద బాగానే చూపిస్తోందట. బోర్డక్క ఆ విమానాన్ని ఎరుపులో పెట్టి, మెకానిక్‌కు కబురు చేసి, రెండు గంటలు అనుమతి తీసుకుని మామగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

నేను తొమ్మిదింటికి వచ్చాను. నా విద్యార్థినికి మర్నాడే లైసెన్సు పరీక్ష. తెర చూశాను. ఆకుపచ్చ. తాళం తీసుకున్నాను. నేల మీద చేసే పరీక్షలన్నీ చేశాం, ఏ తేడా కనబడలేదు. నాలుగు వందల అడుగులు దాటాక ముల్లు పడిపోయింది. నేను చూస్తూండగానే ఇంజిన్ గరగరమని ఆగిపోయింది. ఎదురుగా ఉన్న బీడు పొలంలోకి దింపాను. ముందు చక్రం గోతిలో పడి విమానం ముక్కు మీద నిలబడింది. నాకు నుదురు చిట్లింది. ఆ అమ్మాయి కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

మధ్యాహ్నం మేనేజరు గదిలో, నుదుటికి కట్టుతో నేను కూర్చుని ఉండగా బోర్డక్కను పిలిచారు. ఆయన ఒక కాగితం ఆమె వైపు తోశాడు.

"ఎరుపు పెట్టిందీ మీరే, తీసిందీ మీరే. చూడండి, ఎనిమిది యాభై. మీ పేరే ఉంది."

"ఎనిమిది యాభైకి నేను కంటి ఆసుపత్రిలో ఉన్నాను."

"ఫోన్లోంచి తీసుంటారు."

బోర్డక్క సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. బొత్తాలున్న పాత ఫోను. "దీంట్లోంచి ఎట్లా తీస్తారో మీరే చూపించండి సార్."

"అయితే పాస్‌వర్డ్ ఎవరికో చెప్పుంటారు. అదీ మీ తప్పే కదమ్మా."

తప్పు ఆమె నెత్తిన రుద్ది, ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. గేటు దగ్గర ఆమెను పలకరించబోయాను.

"పందొమ్మిదేళ్ళు ఎర్ర బిళ్ళ పెట్టాను. ఎప్పుడైనా మెకానిక్ సంతకం లేకుండా తీశానా?" అంది. "నీకు తెలీదా ఆ సంగతి? ఆ గదిలో నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నావు?"

నా మీద నాకే ఒళ్ళు మండింది.

మర్నాడు ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్తుంటే నేనూ అదే బస్సెక్కాను. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఫర్నిచర్ షాపు పైన మూడో అంతస్తు. ప్రోగ్రామర్ అమ్మాయి మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. విషయం ఆమెకు అప్పటికే తెలుసు.

"మేనేజర్ గారికి వేరే బటన్ ఉందక్కా. విమానాలు ఆగి బుకింగులు పోకూడదని పెట్టించుకున్నారు. ఆయన నొక్కితే ఎరుపు పోతుంది. ఆ పూట డ్యూటీ ఎవరిదైతే వాళ్ళ పేరు పడుతుంది."

"నొక్కేది ఆయనైతే పేరు నాదెందుకు పడాలి?"

"అలాగే కావాలని ఆయన మెయిల్ పెట్టారు. కస్టమర్ అడిగితే మేం..."

"మూడు నెలలు నా బుర్రంతా తోడుకున్నావు. అడిగిందల్లా చెప్పాను. ఈ ఒక్క ముక్క నాతో అనడానికి నీకు నోరు రాలేదా అమ్మాయ్? ఆ పిల్ల చెయ్యి విరిగింది. మెడ విరిగుంటే ఏం చేసేదానివి?"

ఆ అమ్మాయి ఏడ్చింది. బోర్డక్క ఓదార్చలేదు. లోపలి గదిలోంచి కంపెనీ పెద్ద వచ్చి, డేటా కస్టమర్‌ది, బయటికి ఇవ్వడం కుదరదన్నాడు.

"డేటా మీరే ఉంచుకోండి. పేరు నాది. అది నాకు తిరిగివ్వండి," అంది బోర్డక్క. ఆ మాటకు ఆయన నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. ఇంటికెళ్ళి ఆమె విమానయాన శాఖకు ఆరు పేజీల ఉత్తరం రాసింది. ఆసుపత్రి చీటీ జతచేసింది. ఆ విమానం తాళం ఎవరినీ అడక్కుండా తీసుకున్నానని నేనూ ఒక పేజీ రాసిచ్చాను. ఆమె అది రెండుసార్లు చదివి కవర్లో పెట్టింది.

నెల తర్వాత అధికారులు వచ్చారు. మొదట అడిగింది తెర వెనక నమోదైన వివరాలే. ఎరుపు తీసింది మేనేజరు గదిలోని కంప్యూటర్ నుంచే. కంపెనీ పెద్ద వద్దంటున్నా ప్రోగ్రామర్ అమ్మాయి ఆ మెయిల్ కూడా వాళ్ళకిచ్చేసింది. 'నా పేరు ఎక్కడా కనబడకూడదు' అని అందులో ఆయనే రాసుకున్నాడు.

ఆయన ఉద్యోగం పోలేదు. స్కూలు వాళ్ళు చేతులు దులుపుకుని, ఆయన్ను వేరే ఊరి శాఖకు మార్చారు. బోర్డక్కకు ఉత్తరం వచ్చింది: పొరపాటు జరిగింది, తిరిగి చేరవచ్చు అని. 'పొరపాటు' అన్న మాట కొట్టేసి పైన 'అబద్ధం' అని రాసి వెనక్కి పంపింది. మళ్ళీ జవాబు రాలేదు.

ఇప్పుడామె అదే రన్‌వేకి అవతలి వైపున్న చిన్న క్లబ్బులో పనిచేస్తోంది. అక్కడా అదే సాఫ్ట్‌వేర్. కాకపోతే ఎరుపు తీయాలంటే మెకానిక్, డెస్కులో ఉండే డిస్పాచర్ ఇద్దరూ ఎవరి వేలిముద్ర వాళ్ళు వేయాలి. ప్రోగ్రామర్ అమ్మాయి వచ్చి, బోర్డక్క చెప్పినట్టల్లా మార్చి వెళ్ళింది. "పనిమంతురాలే," అంటుంది బోర్డక్క. అంతకుమించి ఒక్క మంచి మాట అనదు.

నేను ఒకరోజు క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను.

"నాకెందుకు చెబుతావు? ఆ పిల్ల ఇంటికి వెళ్ళావా?"

వెళ్ళలేదు. నా విద్యార్థిని మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదని, వైద్య పరీక్షలో రెండుసార్లు వెనక్కి పంపారని విన్నాను. విన్నకొద్దీ వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

"ఆదివారం నేను వెళ్తున్నాను, నువ్వూ రా," అంది. అడిగినట్టు లేదు.

వెళ్ళాం. ఆ అమ్మాయే తలుపు తీసింది, ఎడమచేత్తో. బోర్డక్కను లోపలికి రమ్మంది. నా వైపు తిరిగి, "మీరు అక్కడే నిలబడి చెప్పండి, వింటాను," అంది.