ఆకుపచ్చ బకెట్‌లో కుడితి

పెద్దనోట్లు రద్దయిన మరుసటి ఏడాది మా ఊళ్ళోకి రెండు రంగుల బకెట్లు వచ్చాయి. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. కొత్తవలస నుంచి శృంగవరపుకోట వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. సగం పల్లె, సగం బజారు. అప్పటిదాకా మా చెత్త గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడిగింది లేదు. ఆ ఏడు మాత్రం పంచాయతీ వాళ్ళు ఇంటింటికీ కాగితాలు పంచారు. ఇల్లయినా, కిరాణా కొట్టయినా, టిఫిన్ హోటలయినా, కోడిమాంసం దుకాణమయినా చెత్త వేరు చేసి ఇవ్వాల్సిందేనన్నారు. కలిపి ఇస్తే చెత్త బండి ఎత్తదు. మళ్ళీ కలిపితే జరిమానా.

మా వీధిలో ఆ పని చూసే మనిషిని నేనే. డ్వాక్రా సంఘానికి లీడర్ని, పదో తరగతి దాకా చదివాను, పైగా నోరు పెద్దది. వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? మెడలో కార్డు వేసి, చేతిలో పుస్తకం పెట్టారు. ముప్పై ఇళ్ళూ నాలుగు కొట్లూ నా కిందికి వచ్చాయి. అబద్ధమెందుకు, నాకు సంబరంగానే ఉండేది. పొద్దున్నే నేను పుస్తకం పట్టుకుని గుమ్మం దిగితే మా ఆయన "కలెక్టరమ్మ బయలెల్లినాది, తప్పుకోండి" అని వెక్కిరించేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు. ఎవరి బకెట్లో ఏముందో వంగి చూసే హక్కు నాకు ఒక్కదానికే ఉందని లోలోపల పొంగిపోయేదాన్ని.

మా వీధి చివర రైలుకట్ట పక్కన పాకలో ఒక ముసలావిడ ఉండేది. చుట్టరికం లేదు కానీ వరస కలుపుకుని నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను కోడలా అనేది. ఆమెకి ఉన్నదల్లా ఒక గేదె. దాని పాలు మా వీధిలోనే పోసి బతికేది. సెంటు పొలం లేదు, గడ్డి కొనే స్తోమత అంతంతమాత్రం. ఆ గేదె బతికిందీ, పాలిచ్చిందీ మా వీధి కుడితి మీదే. తెల్లారేసరికి నెత్తిన ఒక డబ్బా, చేత ఒక డబ్బాతో వచ్చి, ఇంటింటి పెరటి గుమ్మం దగ్గరా ఉన్న కుడితి కుండ వంపుకుని వెళ్ళేది. బకెట్లు వచ్చేనాటికి ఆ గేదె నిండు సూడిది. ఇంకో నెలా నెలన్నరలో ఈనుతుంది. ఈనితే మళ్ళీ పాలు, పాలుంటే అత్తకి తిండి. ఆమె బతుకు మొత్తం అంతే, అందులో దాచిందేమీ లేదు.

కుడితి కుండ గురించి ఒక మాట చెప్పాలి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరల తొక్కలు, మిగిలిన రాగుల చోడంబలి, అన్నీ అందులోకే పోసేవాళ్ళం. పోసేది పశువుకి కాబట్టి ఆ కుండంటే ఆడవాళ్ళకి ఒక భయం, ఒక భక్తి ఉండేవి. చేప ముల్లు వేయరు, దువ్వెనలో వెంట్రుక వేయరు. అత్త వచ్చే వేళకి ప్రతి ఇంటి ఆడమనిషీ మోచేతి దాకా చేయి ముంచి అడుగంతా ఒకసారి కలియదిప్పి చూసేది. నోరులేని జీవం చూసుకుని తినదు కదా, మనమే చూసి పెట్టాలి. మా అమ్మ అలా చేసేది, నేనూ చేశాను. ఇలా చేయాలని నాకెవరూ నేర్పినట్టు గుర్తులేదు.

బకెట్లు పంచిన మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. మా వీధిలో ఆకుపచ్చ బకెట్లన్నీ ఖాళీగా ఉండేవి. ఉండవా మరి, తడిదంతా కుండలోకి పోయేది. బండితో వచ్చిన ఆఫీసరు పుస్తకం చూసి నన్ను అడిగాడు. "తడి చెత్త ఎక్కడికి పోతోందమ్మా?"

"గేదె తాగతాది సార్. అది సెత్త కాదు, కుడితి."

"అలా రాయడానికి పుస్తకంలో గడి లేదమ్మా. బకెట్ ఖాళీ అంటే ఆ ఇల్లు వేరు చేయనట్టే. పైగా మూతల్లేని కుండలు బయట ఉండకూడదు, ఈగలు ముసురుతాయి."

మంచి మనిషే, కసిరింది కూడా లేదు. ఆయన పైవాళ్ళు ఆయన్ని అడుగుతారు, ఆయన నన్ను అడిగాడు. నేను అక్కడే బతిమాలాను. గేదె సూడిదని చెప్పాను, అత్త సంగతి చెప్పాను. ఆయన పాపం తల గోక్కున్నాడు. చివరికి నాకే ఒక తెలివైన ఆలోచన తట్టింది. కుండలు తీసేద్దాం, తడిదంతా ఆకుపచ్చ బకెట్లోనే వేద్దాం, బండి రాకముందే అత్త వచ్చి తనకి కావలసింది బకెట్లోంచి వంపుకుంటుంది, మిగిలింది బండికి. ఆఫీసరు తల ఊపాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఇంటింటికీ తిరిగి కుండలు తీయించాను. కొన్ని నా చేత్తోనే ఎత్తి పెంటకుప్ప మీద పడేశాను. అత్త పాక గుమ్మంలో నిలబడి చూసింది.

"బకెట్లోదయితే మా గేదె తాగతాదంటావా కోడలా?"

"అదే కుడితి అత్తా. గిన్నె మారినాది, అంతే."

"సర్లే. నువ్వు సెప్పినావు కదా."

వారం తిరక్కుండా ఇంకో హుకుం వచ్చింది. బకెట్లు తారుమారవుతున్నాయట, ప్రతి బకెట్‌కీ ఇంటి నంబరు ఉండాలట. రేకు బిళ్ళలు, ఒక చుట్ట బైండింగు వైరు, కటింగు ప్లయరు నాకిచ్చారు. రెండు పొద్దుల్లో వీధంతా కట్టేశాను. బకెట్ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా, మీదికి వంగి, పిడికి బిళ్ళ పెట్టి, వైరు మెలితిప్పి, మిగిలిన కొస కత్తిరించడమే పని. కొసలు ఎక్కడ పడ్డాయో చూసుకోలేదు. కింద పడుంటాయనుకున్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులకి గేదె మేత మానేసింది.

మొదట్లో ఎవరమూ భయపడలేదు. సూడి గేదె కదా, కడుపు బరువనుకున్నాం. అత్త చోడంబలిలో బెల్లం కలిపి దోసిలితో నోటికి అందించేది. అది వాసన చూసి మొహం తిప్పుకునేది. రాను రాను అది పడుకోవడానికే జంకింది. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, వీపు వంచి, ఎంతసేపయినా అలాగే నిలబడేది. ఎప్పుడైనా పడుకుని లేస్తే మూలిగేది, మనిషి మూలిగినట్టే. మెడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. అత్త దాని పక్కనే గోనె పరుచుకుని కూర్చునేది. "ఏటమ్మా, ఏటైనాది నీకు, సెప్పమ్మా" అని అడుగుతూనే ఉండేది. అది వింటూ నిలబడడం నావల్ల కాలేదు. ఏదో పనున్నట్టు ఇంటికొచ్చేసేదాన్ని.

పశువుల డాక్టర్ని నేనే తీసుకొచ్చాను. ఆయన ఒక వెదురుగడ తెప్పించి గేదె రొమ్ము కింద అడ్డంగా పెట్టించాడు. చెరో వైపూ ఒకళ్ళు పట్టుకుని మెల్లగా పైకెత్తితే గేదె గట్టిగా మూలిగింది. గొట్టం పెట్టి గుండె దగ్గర చాలాసేపు విన్నాడు. లేచి నా వైపు చూశాడు, అత్త వైపు చూడలేదు.

"ఇనుపముక్క ఏదో మింగిందమ్మా. పశువు నమిలి మింగదు కదా, ఉన్నదున్నట్టు లోపలికి పోతుంది. కడుపులోంచి గుండె వైపు దిగింది. కడుపులో దూడ బరువు కూడా దాన్ని ముందుకి తోసింది."

"కోసి తీసీలేరా బాబూ?" అంది అత్త.

"మొదట్లో తెలిసుంటే చూసేవాళ్ళం. ఇప్పుడు గుండె చుట్టూ చీము పట్టేసింది."

"అయితే దూడ?" అందామె.

ఆయన చేతులు కడుక్కున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం ఇంట్లో పడేసి వీధిలో పడ్డాను. ప్రతి ఆకుపచ్చ బకెట్‌నీ నేలమీద కుమ్మరించాను. పాల ప్యాకెట్ మూలలు, వెంట్రుకల ఉండలు, ఒక ఇంట్లో గడ్డం గీసుకున్న బ్లేడు, ఇంకో ఇంట్లో విరిగిన పిన్నీసు. నిన్న మొన్నటి దాకా కుండలో చేయి పెట్టి కలియదిప్పిన ఆడవాళ్ళే ఇవన్నీ వేశారు. అందరినీ దులిపేశాను, ఒక్కళ్ళని వదల్లేదు. నన్ను అప్పా అని అక్క వరసతో పిలిచే టిఫిన్ హోటలాయన మాత్రం పెనం మీద అట్టు తిరగేస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అది సెత్త బకెట్టు కదా అప్పా. సెత్త బకెట్లో సెత్త ఎయ్యకపోతే మరేటేస్తారు?"

కుండని గేదె నోరనుకున్నారు, బకెట్‌ని ప్రభుత్వం బకెట్ అనుకున్నారు. గిన్నె మారింది అంతేనని అన్నదాన్ని నేను. గిన్నెతో పాటు మా చేయి కూడా మారిపోతుందని నాకు ఊహకైనా తట్టలేదు. అట్టు మాడుతున్న వాసన వస్తుంటే అక్కడినుంచి వచ్చేశాను.

గేదె ఆరు రోజులు నిలబడింది. ఆ ఆరు రోజులూ నేను రోజుకి నాలుగుసార్లు పాకకి వెళ్ళాను, నాలుగుసార్లూ ఊరికే నిలబడి వచ్చాను. మందు లేదు, చేయగల పని లేదు. ఏడో రోజు పొద్దున్న అది ముందుకాళ్ళ మీద కూలిపోయింది. మళ్ళీ లేవలేదు.

రైలుకట్ట అవతల గొయ్యి తవ్వించాం. పూడ్చే ముందు అత్త డాక్టర్ని అడిగింది. "కోసి సూడు బాబూ. ఏటి మింగినాదో నాకు తెలియాల." వద్దమ్మా అన్నాడాయన. ఆమె వినలేదు. చుట్టూ మా వీధి వాళ్ళు పదిమంది నిలబడ్డారు. ముందు దూడని బయటికి తీశారు. పెయ్యదూడ. అత్త తన చీర కొంగుతోనే దాని మొహం తుడిచి పక్కన పడుకోబెట్టింది. తర్వాత డాక్టరు లోపల వేళ్ళతో వెతికి ఒకటి పైకి తీశాడు. వేలెడు పొడవు బైండింగు వైరు ముక్క, నల్లబడిపోయి ఉంది. ఒక కొస మాత్రం ప్లయరుతో కత్తిరించినట్టు ఏటవాలుగా ఉంది.

మా వీధిలో ఆ వైరు చుట్ట నా ఒక్కదాని దగ్గరే ఉంది.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎంతమంది గుర్తుపట్టారో తెలియదు. అత్త ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూసింది. చూసి, గోతిలోకి విసిరేసింది. "పూడ్సీండి" అంది.

సాయంత్రం దాకా నాలో నేను కొట్టుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఏమవుతుంది, గేదె లేచి వస్తుందా? ఆఫీసరు కట్టమన్నాడు కాబట్టే కట్టానని ఒకసారి, కడితే కట్టావు కళ్ళెక్కడ పెట్టావని ఒకసారి. పొద్దు వాలుతుంటే లేచి పాకకి వెళ్ళాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను. కొడితే కొట్టించుకుందామనే వెళ్ళాను.

అత్త గేదె కట్టే చోటు ఊడుస్తోంది.

"అత్తా, ఆ వైరు నాదే. బకెట్లకి నంబర్లు కట్టినప్పుడు పడిపోయుంటాది."

ఆమె చీపురు ఆపలేదు. "తెల్సు" అంది.

"నాను సూసుకోనేదత్తా."

"నువ్వేటి సేత్తావు కోడలా? ఆళ్ళు కట్టమన్నారు, కట్టినావు. నువ్వు పొయ్యమన్నావు, నాను పోసినాను. నాను తాగమన్నాను, అది తాగీసినాది."

అందులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె తిడితే నేను ఏడ్చి తేలికపడేదాన్ని, నాకు ఆ వీలు కూడా లేకపోయింది. దగ్గరికి వెళ్ళి చీపురు అందుకోబోయాను, ఇవ్వలేదు. ఊడవడం అయ్యాక నడుం పట్టుకుని నిలబడి, మూలనున్న సిమెంటు తొట్టి వైపు చూసింది. గేదె ముట్టని కుడితి అందులో సగానికి ఉంది, పైన తెట్టు కట్టింది.

"ఇంక తాగేదెవులు?" అంది. తర్వాత నా వైపు తిరిగి, నిజంగానే తెలియక అడిగింది. "రేపు బండి వస్తాది కదా కోడలా. ఇది ఆళ్ళకి ఇచ్చీవచ్చునా?"

"ఇచ్చీవచ్చు అత్తా" అన్నాను.