వంకల వదిన

మా వదిన పనే వంకలు పెట్టడం. కొత్త యాప్‌లు జనం చేతికి వెళ్లకముందే వాడి చూసి, ఎక్కడ తప్పుతున్నాయో రాసి కంపెనీకి పంపుతుంది. ఆఫీసులో ఆమెను వంకలమ్మ అంటారు. ఆమెకు కోపం రాదు. ఇంట్లో ఆమె బల్ల మీద ఐదు పాత ఫోన్లుంటాయి. ఒకదాని తెర పగిలింది. బాగు చేయించదు. పగిలిన ఫోన్లు వాడేవాళ్లూ ఉంటారు కదా అంటుంది.

ఈసారి వచ్చింది మందుల వేళ గుర్తుచేసే యాప్. మా అమ్మ రక్తపోటు మాత్రల వేళలే అందులో పెట్టి, మోగినప్పుడల్లా 'వేసుకున్నాను' అన్న బొత్తాం తానే నొక్కుతూ మూడు వారాలు చూసింది. శుక్రవారం, విడుదల చేయవచ్చని రాసిచ్చింది. సోమవారం విడుదల. అది సవ్యంగా జరిగితే ఆమె ఒప్పందం ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు.

ఆదివారం పొద్దున ఫోన్ మోగేసరికి వదిన బట్టలు ఆరేస్తోంది. అమ్మ మాత్ర మింగి బొత్తాం నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. వదిన వచ్చి చూసేసరికి రాత్రి మాత్ర కూడా వేసుకున్నట్టు పడి ఉంది. ఇక రాత్రికి అది మోగదు.

"రెండుసార్లు నొక్కారా అత్తయ్యా?"

"తలుపు కొట్టినా పలక్కపోతే మళ్లీ కొట్టవటే?"

వదిన తన వేలి వంక చూసుకుంది. ఆ బొత్తాం ఆలస్యంగా పలుకుతుందని మొదటి వారంలోనే ఆ వేలికి తెలిసిపోయింది. ఆగడం నేర్చుకుంది. ఆగుతున్న సంగతి వదినకే తెలియలేదు.

మేనేజరుకు ఫోన్ చేసింది.

"రెండుసార్లు ఎవరు నొక్కుతారండీ?"

"మా అత్తగారు."

"బాగుందని రాసింది మీరేగా?"

"నేనే. పొరబాటు కూడా నాదే. అదే రాసి పంపుతున్నాను."

"మీ ఒప్పందం సంగతి ఆలోచించుకున్నారా?"

"రాత్రి మాత్ర మోగదండీ," అంది వదిన.

విడుదల ఆగింది. ఒప్పందం ఏడాదికి బదులు మూడు నెలలే పొడిగించారు. ఆ కాగితం మీద వదిన సంతకం చేసింది.

సరిచేసిన యాప్ పది రోజులకు వచ్చింది. వదిన ఫోన్ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టింది.

"నేనేం చెయ్యాలే?"

"ఏమీ చెప్పను అత్తయ్యా. మీ ఇష్టమొచ్చినట్టు నొక్కండి."