వదులంటే వదిలేశాను

నవ్వకుండా నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మనవరాలా. రెండేళ్ల కిందటి మాట. మాది ఏన్కూరు. మా చిన్నమ్మాయికి పురిటి నొప్పులు మొదలయ్యాయని భద్రాచలం దవాఖానా నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. తీరా చూస్తే, క్లచ్ ఎంత తొక్కినా మా పాత కారుకి గేరు పడడం లేదు.

"క్లచ్ వైరు సాగింది. ఐదు నిమిషాల్ల బిగిస్త," అని మీ తాత నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తాడు. కారు ముందు నిలబడి నట్టు తిప్పుతున్నాడు. ఆయన వెనకాల మిరపకాయల బస్తాలు.

"తొక్కి ఫస్ట్ గేరెయ్!"

వేశాను. "పడ్డదయ్యా! జల్దీ మూసెయ్, పోదాం!"

ఆయన వైరు పట్టి చూసి, "వదులు! ఇంకా వదులు!" అని అరిచాడు.

వదలమంటున్నాడనుకుని కాలు తీసేశాను. కారు ఒక్క దూకు దూకి ఆగిపోయింది. బానెట్ అడ్డం, మనిషి కనిపించడు. "ఏమయ్యా!" అని అరుస్తూ కారు దిగాను.

అంతలో ఎగిరి బస్తాల మీద పడ్డ మీ తాత తుమ్ము వినిపించింది. ఒకటి కాదు, పది.

"వైరు వదులున్నదని అన్న! నిన్ను కాలు తియ్యమన్ననా?"

"గట్లయితే లూజున్నదని చెప్పరాదా!" ఏడుస్తూనే తిట్టాను.

మా కారు అక్కడే వదిలేసి కిరాయి కారులో మేం చేరేసరికి మనవడు పుట్టేశాడు. ఆ మాటేందని ఇంకోసారి అడిగితే నిమిషం పోయేది, అంతే. అడగనందుకు మనిషే పోయేవాడు.