కట్టుడు పళ్ళాయన కొన్న వెండి నాణెం

ఊళ్ళో పెద్దమనుషులు చాలామంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వేవారు. ఆ సంగతి మాత్రం ఒక్కరూ ఒప్పుకునేవారు కారు. పళ్ళ డాక్టరు ఆస్పత్రి వెనక, మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో ఆయన మైనం కరిగించి, ప్లాస్టరు పోసి, అచ్చులు తీసి, గులాబీ రంగు చిగుళ్ళలో ఒక్కో పన్నూ పొదిగేవాడు. అందరూ ఆయన్ని కట్టుడు పళ్ళాయన అనేవారు. ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. బాగా కుట్టిన చొక్కా చూస్తే దర్జీ ఎవరని అడుగుతారు. బాగా కుదిరిన పళ్ళను చూసి ఎవరు చేశారని అడగరు, అడిగితే తంతారు. ఎంత గొప్పగా చేస్తే ఆయన పేరు అంత భద్రంగా నోళ్ళలో దాక్కునేది.

అందుకే పొగడ్త అంటే ఆయనకు తీరని ఆకలి. దానికి తోడు బావమరిది ఒకడు. టైల్స్ దుకాణం నడుపుతూ, సెలవు దొరికితే చెరువు గట్టున బోర్లా పడుకుని పిట్టల ఫొటోలు తీసేవాడు. బంధువులు నలుగురూ కూడినప్పుడల్లా ఆ ఫొటోలు చేతులు మారేవి. ఏ పిట్ట ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో అతను చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వినేవారు. పళ్ళాయనకు ఆ తెరిచిన నోళ్ళలో అరిగిన దవడ పళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. ఒకసారి బావమరిది జాలిగా, "నీకూ ఏదో ఒక వ్యాపకం ఉంటే బాగుండేది బావా" అన్నాడు. ఆ జాలి చాలాకాలం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

ఆదివారం నాడు రైల్వే స్టేషను గోడ వెంట పాత సామాన్లు పరిచి అమ్ముతారు. అక్కడ ఒకడు నీలం గుడ్డ మీద నాణేలు పోసుకుని కూర్చున్నాడు. పళ్ళాయన ఊరికే వంగి చూశాడు. వంగడమే తప్పయింది. అమ్మేవాడు నల్లబడిన రాగి బిళ్ళ ఒకటి తీసి, బావి తవ్వుతుంటే బయటపడిందని, అది తవ్వినవాడికి అప్పటి నుంచి నిద్ర పట్టలేదని, ఎవరికైనా ఇచ్చేస్తే చాలని ఏడ్చాడని చెప్పాడు. బావి తవ్వినవాడి నిద్ర మీద పళ్ళాయనకు బోలెడంత సానుభూతి కలిగింది. కొనేశాడు.

మర్నాడు పనిగదిలో ఆ నల్లటి బిళ్ళను చూస్తే చేతులు ఊరుకోలేదు. పళ్ళకు మెరుగు పెట్టే పొడి అద్ది, తిరిగే చక్రానికి ఆనించి, అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. ఆ మెరుపుతోనే బజారులో నాణేల దుకాణానికి వెళ్ళాడు. అక్కడ కూర్చునే ఆమె తండ్రి నుంచి దుకాణాన్నీ, భూతద్దాన్నీ, మొహమాటం లేని నోటినీ వారసత్వంగా పొందింది. నాణెం అటూ ఇటూ తిప్పి, "ఇది నిజమైనదేనండి. నిన్నటిదాకా బతికే ఉంది కూడా. తోమి చంపేశారు" అంది.

పాత నాణెం మీద కాలం వేసిన రంగే దాని ఆరోగ్యమని, దాన్ని తోమితే విలువ మురికినీటితో పాటు పోతుందని ఆమె విడమరిచి చెప్పింది. కొనేటప్పుడు కథ వినొద్దు, నాణేన్ని చూడమంది. రసీదు ఇచ్చేవాడి దగ్గర, నచ్చకపోతే వెనక్కి పుచ్చుకునేవాడి దగ్గర కొనమంది. ఎక్కడైనా ఖరీదైనది కొనాలనిపిస్తే ముందు తెచ్చి చూపించండి, చూసినందుకు ఏమీ తీసుకోనంది. బంగారం లాంటి మాటలు. పళ్ళాయన శ్రద్ధగా విన్నాడు. విని, తను పాటించడం మానేసి, ఇతరులకు చెప్పడం మొదలుపెట్టాడు.

ముందుగా దొరికింది రోగులు. కొలత తీయడానికి నోట్లో పచ్చి ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా కదలొద్దనేవాడు. ఆ కాసేపూ వాళ్ళకు నాణేలు ఎలా కొనాలో ఉపన్యసించేవాడు. ఎదురు చెప్పడానికి వీలులేని అలాంటి సభ ఏ మహావక్తకూ దొరికి ఉండదు. ఇంట్లో భార్య మాత్రం అంత తేలిగ్గా దొరకలేదు. ఆమె ప్రసూతి ఆస్పత్రిలో నర్సు. పగలంతా మూలుగులు విని వచ్చిన మనిషి. రెండు వాక్యాలు వినేసరికి, "అర్థమైందండీ, కథలు వినకూడదు కదా" అని లేచి వెళ్ళిపోయేది.

తర్వాత ఆయన నాణేల సంఘంలో చేరాడు. గ్రంథాలయం పై అంతస్తులో నెలకోసారి కూడే ఆ సభ్యులకు లోకంలో ఉన్న గౌరవం అంతా అధ్యక్షుడి మీదే. ఒకరి మీద ఒకరికి నమ్మకం బొత్తిగా లేదు. తన నాణెం ఎదుటివాడి చేతిలో ఉన్నంతసేపూ ప్రతివాడూ ఊపిరి బిగబట్టేవాడు. అధ్యక్షుడు ఒకప్పుడు కాలేజీ ప్రిన్సిపాలు. చేతులకు తెల్లటి తొడుగులు, గొంతులో వెన్న. ఆయన ఏదైనా నాణేన్ని చూసి "ఊఁ" అంటే దాని ధర పెరిగేది, "ఊహూఁ" అంటే దాని యజమాని ఆ నెలంతా భోజనం సయించక బాధపడేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు సభ ముగిశాక పళ్ళాయన్ని మెట్ల మీద ఆపాడు. జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. లోపల వెండి నాణెం, దాని మీద గుర్రమెక్కిన రాజు.

"అందరికీ చూపించే వస్తువు కాదిది మేస్త్రిగారూ. విలువ తెలిసిన చేతికే వెళ్ళాలి" అన్నాడు.

అంతే. బావి కథ కన్నా చిన్న కథ. కానీ అందులో రాజూ లేడు, గుర్రమూ లేదు. ఉన్నదంతా పళ్ళాయనే. రసీదు అడుగుదామని మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెల్ల తొడుగుల మనిషిని రసీదు అడగడం పెళ్ళికూతుర్ని వయసు అడిగినట్టుంటుందని మింగేశాడు. దుకాణం ఆమెకు చూపించాలన్న ఆలోచనా వచ్చింది గానీ, ఆమె ఏమంటుందోనన్న భయం దాన్ని పక్కకు నెట్టింది. బట్టలుతికే యంత్రం కొనాలని భార్య దాచిన సొమ్ము కాస్తా అలా రాజుగారి గుర్రం ఎక్కింది.

నాణేన్ని సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. అధ్యక్షుడి దగ్గర కొన్నదని తెలిశాక ఇంకాస్త మెచ్చుకున్నారు. పళ్ళాయన దాన్ని పనిగదికి కూడా తీసుకెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం ప్లాస్టరు ఆరేలోగా తోచక, పళ్ళ అంచులు చూసుకునే పెద్ద భూతద్దం దీపం కింద దాన్ని పెట్టాడు. గుర్రం తోక పక్కన సూది మొనంత గుంట కనిపించింది. అంచు చుట్టూ సన్నటి గీత, దాన్ని ఎవరో ఆకురాయితో అరగదీసిన జాడ.

ఆ గుంటా, ఆ గీతా ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కరిగిన లోహంలో గాలి బుడగ చిక్కుకుంటే పడే గుంట అది. రెండు అచ్చులు కలిసే చోట మిగిలే గీత ఇది. రోజూ పొద్దున్నే అలాంటి గీతలు అరగదీసే బతుకు ఆయనది. ముద్ర కొట్టి చేసిన పాత నాణేనికి ఆ గీత ఉండే వీల్లేదు. ఊరంతటికీ దొంగ పళ్ళు పెట్టినవాడికి ఎవరో దొంగ నాణెం పెట్టారు.

వారం రోజులు ఆయన ఆ గీతను గీత కాదని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నాణేన్ని బోర్లించి పెట్టాడు, డబ్బాలో పెట్టాడు, డబ్బాను సొరుగులో పెట్టాడు. అయినా లాభం లేక, డబ్బు వెనక్కి తెచ్చుకుందామని అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాడు. ఆయన కోప్పడలేదు, బుకాయించనూ లేదు. టీ ఇప్పించాడు.

"ఈ నాణేన్ని సంఘంలో అందరూ చూశారు కదా. ఒక్కరైనా ఏమన్నా అన్నారా?"

"లేదండీ."

"మీరొక్కరే కనిపెట్టారు. అలాంటి కన్ను సంఘానికి కావాలి. నాణేల పరీక్షకుడి పదవి ఎప్పటినుంచో ఖాళీగా ఉంది."

పోయిన డబ్బు అడగడానికి వెళ్ళినవాడు పదవి పుచ్చుకుని తిరిగొచ్చాడు. మెట్లు దిగుతుంటే అడుగులు తేలిపోయాయట. తనను మోసం చేసినవాడు తన కంటిని మెచ్చుకున్నాడు, ఆ కంటిని ఇన్నేళ్ళలో ఇంకెవరూ మెచ్చుకోలేదు మరి.

ఆ తర్వాత కొన్నాళ్ళు మహారాజభోగమే. సభలో అధ్యక్షుడి పక్కన కుర్చీ. జనం డబ్బాలు తెచ్చి చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన భూతద్దంలోంచి చూసి, అధ్యక్షుడి నాణేలైతే బాగున్నాయనేవాడు, మిగతావాటి గురించి నిజం చెప్పేవాడు. బావమరిది పిట్టల్ని వదిలేసి, తనూ సంఘంలో చేరి, "మా బావ పరీక్షకుడు" అని కనపడినవాళ్ళకల్లా చెప్పుకోవడం మొదలెట్టాడు.

ఒక సాయంత్రం అతను ఉబ్బిపోతూ ఇంటికొచ్చాడు. అధ్యక్షుడు తనను ప్రత్యేకంగా పిలిచి ఒక నాణెం అమ్మాడట. డబ్బా తెరిచాడు. వెండి, గుర్రం, రాజు. పళ్ళాయన భూతద్దం పెట్టాడు. గుర్రం తోక పక్కన అదే గుంట, అదే చోట. ఒకే అచ్చులోంచి రాలిన కవల.

"ఎలా ఉంది బావా?"

పళ్ళాయన ముఖం మీద నవ్వు దానంతటదే పాకింది. పిట్టల ఫొటోల కాలం నుంచీ దాచుకున్న నవ్వు అది. "మంచిదే. ఇలాంటివి తరచూ దొరకవు" అన్నాడు.

తమ్ముడు వెళ్ళాక భార్య వంటింటి గుమ్మంలోంచి ఇవతలికి వచ్చింది. పెళ్ళైన కొత్తలో పనిగది లేనప్పుడు పళ్ళ అచ్చులన్నీ ఇంట్లోనే తయారయ్యేవి, అంచులు అరగదీసింది ఆమే. భర్త సొరుగులోంచి నాణెం తీసి కిటికీ దగ్గరికెళ్ళి అంచు చూసింది. ఎందుకు నవ్వారని అడిగింది. ఆయన ఉన్నదంతా కక్కేశాడు.

ఆమె గొంతు పెంచలేదు. "మీరు మోసపోయారు, సరే, మనుషులన్నాక మోసపోతారు. నా తమ్ముడు మోసపోయాడని సంబరపడ్డారు చూడండి, అది మాత్రం నేను మర్చిపోను" అంది. తమ్ముడి దగ్గరున్న నాణేన్ని తీసుకుని వాడి డబ్బు వాడికిచ్చెయ్యమంది. నిజం చెప్పి తీసుకుంటారో, అబద్ధం చెప్పి తీసుకుంటారో మీ ఇష్టమంది.

నిజం చెబితే పదవి పోతుంది. అందుకని ఆయన అబద్ధాన్నే ఎంచుకున్నాడు. ఆ నాణేన్ని చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదని, తన దానికి జోడీగా కావాలని టైల్స్ దుకాణానికెళ్ళి అడిగాడు. బావమరిది వ్యాపారి. ఎదుటివాడి కళ్ళలో ఆత్రం కనబడితే ధర కట్టడం అతనికి వేరే నేర్పక్కర్లేదు. బావ కాబట్టి ఎక్కువేం అడగనంటూనే కొన్న ధర మీద సగం కలిపి పుచ్చుకున్నాడు. అలా కట్టుడు పళ్ళాయన ఒకే దొంగ నాణేన్ని రెండోసారి ఇంకా ఎక్కువ పెట్టి కొన్నాడు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, ఏరి కోరి అదే రాయి తెచ్చుకున్న ఘనత ఆయనదే.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. లాభం రుచి మరిగిన బావమరిది మరుసటి వారమే అధ్యక్షుడి దగ్గర ఇంకో మూడు కొని, తిన్నగా బావ ముందు పరిచాడు. ఈసారి జోడీలు కుదరవు. పళ్ళాయన ఇవన్నీ పోత నాణేలని, తన దగ్గరున్న రెండూ అంతేనని, అంచు చూసుకోమని చెప్పాడు.

బావమరిది అంచు చూడలేదు, బావ ముఖం చూశాడు. "మొన్న మంచిదన్నావు, ఎక్కువిచ్చి కొన్నావు. ఇవాళ దొంగవంటున్నావు. చవగ్గా కొట్టేద్దామనా? టైల్స్ అమ్ముకునేవాణ్ని బావా, ఈమాత్రం బేరం తెలియదా నాకు?" అని డబ్బా మూసుకుని వెళ్ళిపోయాడు.

ఇక తెగించక తప్పలేదు. ఆ నెల సభలో పళ్ళాయన లేచి నిలబడి రెండు వెండి నాణేల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెంటికీ ఒకే చోట ఒకే గుంట ఉందని, చేత్తో ముద్ర కొట్టిన నాణేలకు అలా జరగదని, రెండూ అధ్యక్షుడి చేతి మీదుగా వచ్చినవేనని చెప్పాడు. భూతద్దం కూడా పక్కన పెట్టాడు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. హాల్లో వినిపించిన శబ్దం ఒక్కటే, డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడం. అక్కడ అధ్యక్షుడి నాణెం లేని డబ్బా లేదు. తనది దొంగదో కాదో తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవాడూ లేడు.

అధ్యక్షుడు తొడుగులు సర్దుకుని, విచారంగా, "ఇవి రెండూ నకిలీవని మీరే చెబుతున్నారు. రెండూ మీ జేబులోంచే వచ్చాయి" అన్నాడు. సంఘంలోకి దొంగ నాణేలు తెచ్చిన నేరానికి పళ్ళాయన్ని అప్పటికప్పుడు ఏకగ్రీవంగా తొలగించారు. చేతులెత్తిన వాళ్ళలో బావమరిది కూడా ఉన్నాడు. ఖాళీ అయిన పరీక్షకుడి కుర్చీ అతనికే దక్కింది.

పళ్ళాయన ఇంటికొచ్చి జరిగింది చెబితే, భార్య అంతా విని, "చెప్పారు కదా, చాలు" అంది. చాలు అన్నంత మాత్రాన యంత్రం వస్తుందా? ఆ ఏడాదంతా ఇంట్లో బట్టలు ఆయనే ఉతికాడు. ప్లాస్టరుకు గట్టిపడ్డ చేతులు సబ్బుకు మెత్తబడ్డాయి. రోగులకు ఉపన్యాసాలు ఆగిపోయాయి. పచ్చి ముద్ద నోట్లో పెట్టి ఆయన మౌనంగా కిటికీలోంచి చూస్తుంటే, ఏమైందోనని వాళ్ళే భయపడేవారు.

చాలా రోజులకు ఆయన దుకాణం ఆమె దగ్గరకెళ్ళి ఒక రాగి నాణెం కొన్నాడు. ఎవరి నిద్రా పోగొట్టని నాణెం, కథేమీ లేనిది, అరిగి గోధుమ రంగు తేలినది. ఆమె రసీదు రాసిచ్చింది, తోమొద్దని మరీ మరీ చెప్పింది. తోమలేదు. అప్పుడప్పుడు అరచేతిలో పెట్టుకుని ఊరికే చూసేవాడు. ఎవరికీ చూపించాలనిపించకపోవడం ఆయనకే ఆశ్చర్యంగా ఉండేది.

కానీ బంధువులు భోజనాలకు కూడినప్పుడు భార్యే మాట వరసకు ఆ సంగతి ఎత్తింది. బావమరిది చెయ్యి చాపాడు. జేబులోంచి భూతద్దం తీసి, ఒక కన్ను మూసి, నాణేన్ని వెలుతురుకేసి తిప్పాడు. అందరూ తినడం ఆపి నోరు తెరుచుకుని చూశారు.

"ఎక్కడ కొన్నావు బావా? దుకాణంలోనా? అక్కడే పొరపాటు చేశావు. తెలిసినవాళ్ళ దగ్గర కొనాలి. ఇది నాకు నకిలీలా కనిపిస్తోంది" అన్నాడు, ఎంతో జాలిగా.

పళ్ళాయన నాణెం వెనక్కి పుచ్చుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "అయ్యుండొచ్చు" అని, మంచినీళ్ళ చెంబు ఇటు అందించమన్నాడు.