మామ ఫొటోకు దండ

ముందే చెప్పేస్తున్నా. నేను గోరంతలు కొండంతలు చేసే మనిషిని. "వాన పడుతోంది" అని నేనంటే మా ఇంట్లో గొడుగు తీసేముందు కిటికీలోంచి ఒకసారి చూస్తారు. కాబట్టి మా మేనమామ సంగతి సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగం కూడా ఎక్కువే.

మామ సినిమాల్లో వెయ్యని వేషం లేదు. ఒక సినిమాలోనైతే జడ్జీగా ఉరిశిక్ష వేసి, పూజారిగా వచ్చి ఓదార్చి, ఖైదీగా ఉరికంబం ఎక్కాడు. మూడింటికీ మీసం ఒకటే, దువ్వడమే వేరు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, తెర మీద మామను డాక్టరుగా చూసిన ఒకావిడ ఆపి మోకాలు చూపించింది.

"డాక్టర్ సాబ్, మెట్లెక్కుతుంటే గుంజుతుంది."

మామ ఎవరినీ నిరాశపరచడు. "వేడినీళ్ల కాపడం పెట్టమ్మా" అన్నాడు, గొంతులో ఫీజు పలికేలా. ట్రాఫిక్ ఆగిపోతే ఇన్‌స్పెక్టర్ గొంతు తీసేవాడు. నాంపల్లి స్టేషన్ దాకా ఆటోలు ఒకే వరుసలో నిలబడేవి.

ఒక్కటే లోపం. ఏ సినిమాలోనూ ఇంటర్వెల్ దాటి బతకలేదు. హీరో తండ్రి వేషమైతే పేర్లు పడేలోపే గోడ మీద ఫొటో. మామ తెర మీద దగ్గడం మొదలుపెట్టగానే అత్త లేచి, సమోసా వంకతో హాలు బయటికి పోయేది.

పోయినేడు మామకు నిజంగానే గుండెనొప్పి వచ్చి దవాఖానలో స్టెంటు వేశారు. ఇంటికొచ్చిన రోజే అత్త తేల్చేసింది: "ఇగ సచ్చే వేషాలు బంద్ చేయుండ్రి. చూసుడు నాతోని గాదు."

మామ ఆలోచించాడు. సినిమా లోకంలో చావు లేని వేషం ఒక్కటే, నిర్మాత. నిర్మాతకు నిద్ర చస్తుందేమో గానీ మనిషి చావడు. అట్లా నిర్మాతయ్యాడు.

ఆ మొదటి సినిమాకు చివరిరోజు షూటింగు, నాంపల్లిలో కిరాయికి తీసుకున్న ఒక పాత ఇంట్లో. సాయంత్రం హీరో విమానం ఎక్కాలి, మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. మిగిలింది ఒక్క షాటు: చనిపోయిన తండ్రి ఫొటోకు హీరో దండం పెట్టాలి. యూనిట్ కోసం అత్త బగారన్నం వండింది. ఆమెనూ గిన్నెనూ నేను ఆటోలో తెచ్చాను. గిన్నెకు వేరే కిరాయి అడిగాడు ఆటోవాడు.

అత్త లోపలికొచ్చి గోడవైపు చూసింది. మామ ఫొటో. బొట్టు పెట్టి, మొజంజాహీ మార్కెట్ దగ్గర కొన్న బంతిపూల దండ వేసి, ముందు దీపం. ఆర్టు డిపార్టుమెంటును అని లాభం లేదు. ఇన్నేళ్లుగా చచ్చిపోయిన తండ్రంటే ఆ ఫొటోయే, అలవాటుగా తెచ్చి తగిలించారు.

"గిదేందండి?" అంది అత్త చిన్నగా.

"ఉత్త ఫొటోనే, షాటు కోసం..."

"మొన్న ఐసీయూ అద్దంలకెల్లి చూసిన మిమ్మల్ని. ఉత్తదైతే తీసెయ్యుండ్రి."

డైరెక్టరు గడియారం చూశాడు. హీరో గడియారం చూశాడు. మామ స్టూలెక్కి దండ తీసేశాడు. "నిర్మాతను నేను. నా పర్మిషన్ లేకుండ నన్నెట్ల సంపుతరు?" అని నవ్వాడు. యూనిట్ అంతా గోడలదిరేలా నవ్వింది.

"మరి షాటు సార్?" అన్నాడు డైరెక్టరు.

అత్త కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "వీని ఫొటో పెట్టుండ్రి."

"అత్తా, నాకు పెళ్లాం పిల్లలున్నరు!"

"నీకేమైతదిరా? యముడొచ్చినా నీ ముచ్చట్లు వినలేక వాపసు పోతడు."

సెల్‌ఫోన్‌లో ఉన్న నా ఫొటోను అబిడ్స్ స్టూడియోలో పెద్దది చేయించి తెచ్చారు. హీరో నాకు దండం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే బగారన్నం తింటూ, ఎంత మంచి తండ్రిని పోగొట్టుకున్నాడో పాపం అనుకున్నాను. పొద్దుండగానే గుమ్మడికాయ కొట్టి షూటింగు ముగించారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆటోల వరుసా, హీరో ఏడుపూ కొంచెం సాగదీశాను. సాగదీయడం వేరు, పుట్టించడం వేరు. పుట్టించింది ఒక్కటే: దండ తీస్తూ మామ ఆ పర్మిషన్ మాట అనలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. స్టూలు దిగి, దండ నా చేతిలో పెట్టి, అత్త పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసుకుని తన ఛాతీకి ఆనించుకున్నాడు. "ఔ, కొట్టుకుంటుంది" అని ఆమె అనేదాకా వదల్లేదు.