ప్రేమ విందుకు దాచిన మేకపోతులు

దేవుని మాట తప్పినవాళ్ళ గురించి మా నాన్నగారు పాఠం చెబుతుంటే, ఇంటికి తలవంపులు తెచ్చిన బంధువుల గురించి చెబుతున్నట్టే ఉండేది. బండతో మాట్లాడమంటే కర్రతో కొట్టిన మోషే, వెళ్ళమన్న ఊరు వదిలి ఇంకో ఊరికి ఓడెక్కిన యోనా, ఎవరినీ వదిలేవారు కాదు. అండమాన్ దీవుల్లో, బ్రూక్షాబాద్‌లోని మా తెలుగు చర్చిలో ఆ డిసెంబరు ఆదివారాలన్నీ వాళ్ళవే.

ఆ చర్చి స్థలం మా తాతగారిచ్చినది. ఆయన కాలంలో మాకు కలప డిపో, సరుకుల పడవలు ఉండేవి. నా కాలానికి చర్చి పక్కన ఇల్లు, ముందు వరసలో బెంచీ మిగిలాయి. వాటితో పాటు, చర్చి అంతా కలిసి తినే కొత్త సంవత్సరపు ప్రేమ విందుకు మేకపోతులిచ్చే హక్కు. వంట అయ్యాక పాస్టరు అయ్యగారు మా తాతగారి పేరు చెప్పి ప్రార్థన చేసేవారు. అందరూ మా వైపు చూసేవారు. ఆ విందులో మేము వడ్డించేవాళ్ళమే తప్ప పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఎరగం. దాన్ని గర్వం అంటే అనండి. మాకు మిగిలింది అదే.

క్రిస్మస్ మరునాటి ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. తర్వాత సముద్రం వచ్చింది. మా ఇల్లు మెరక మీద ఉంది కనుక బతికాం. కింద రోడ్డు మీద ఆటోలు ఆగే చోట పడవ పడి ఉంది, పడవలు కట్టే చోట ఒట్టి బురద. కళ్ళు చూస్తున్నాయి గాని మనసు ఒప్పుకోవడం లేదు. పక్కన అమ్మ ఏదో అడుగుతూనే ఉంది.

వారం తిరక్కుండానే చర్చి సహాయ క్యాంపు అయింది. లిటిల్ అండమాన్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు, ఎవరి పేరు ఎవరు పిలిచినా ఉలిక్కిపడి చూసేవాళ్ళు. పూటపూటకీ పలచటి కిచిడీ. అయ్యగారు మా ఇంటికి వచ్చారు.

"అన్నయ్యగారూ, ఈ ఏడు విందు లేదు. మేకపోతులు మూడూ క్యాంపు వంటకి ఇచ్చేయండి. రాత్రంతా ప్రార్థనలో ఉన్నాను, దేవుడు ఇదే చెప్పాడు."

"అలాగే అయ్యగారూ," అన్నారు నాన్నగారు.

బక్కది ఒకటి పంపారు. బలిసిన రెండింటినీ పెరట్లో కట్టెల కొట్టంలో కట్టించారు. అయ్యగారు అడిగితే అంతా ఇచ్చేశానన్నారు. అమ్మ నిలదీస్తే, "అవి దేవుడి విందుకి పెంచినవి. అంతా సర్దుకున్నాక విందు పెడదాం. మంచివి దేవుడికే," అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది.

ఆదివారం మరో ఓడ వస్తోందని అయ్యగారు ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళారు. పాఠంతో పాటు ఆరాధనంతా నాన్నగారే నడపాలి. వరస ప్రకారం ఆ వారం సౌలు రాజు. శత్రువుల మందల్లో ఒక్కటీ మిగల్చవద్దని దేవుడు చెబితే, సౌలు పనికిరానివాటిని చంపించి బలిసినవాటిని ఉంచుకున్నాడు. పైగా చెప్పిందంతా చేశానన్నాడు. ఏటా చెప్పే పాఠమే. ఆయన నోరు చెబుతోంది, చెవి వినడం లేదు.

"అంతా చేశానంటున్నావు, మరి ఈ గొర్రెల అరుపు ఎక్కడిదని సమూయేలు ప్రవక్త అడిగాడు," అని, అలవాటుగా ఆగి జనం వైపు చూశారు.

ఆ నిశ్శబ్దంలో మా పెరట్లో మేకపోతు అరిచింది. రెండోది జవాబిచ్చింది.

"అరే, ఇక్కడే ఉన్నాయిరా బాబూ!" అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు. లిటిల్ అండమాన్‌లోని హట్ బేలో భర్తను పోగొట్టుకున్న ఒకామె, చంకలో బిడ్డతో ముందు కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు.

"అవి మీవేనా భయ్యా?"

"దేవుడివి," అన్నారు నాన్నగారు.

"దేవుడికి భూఖ్ లేదు కదా భయ్యా. మాకుంది ఆకలి."

బలి కోసం ఉంచానని సౌలు చెప్పిన జవాబే నాన్నగారు చెప్పారు. ఇన్నేళ్ళూ మేం చీదరించుకున్న ఆ రాజు మా ఇంటి మనిషే. మా బెంచీ మీదే, మా పక్కనే కూర్చుంటున్నాడు. సముద్రం ఊరి మీద పడ్డ రోజు కూడా నాకంత భయం వేయలేదు.

నాన్నగారు బైబిలు మూసి బయటికి నడిచారు. ఎవరినీ పంపలేదు. ఇస్త్రీ తెల్లచొక్కాతోనే రెండింటినీ ఈడ్చుకొచ్చారు. ఒకటి మొండికేసి ఆయన్ని గుమ్మం ముందు మోకాళ్ళ మీద పడేసింది.

"తాడు కాదు భయ్యా, చెవి పట్టండి, చెవి!" అన్నారు జనం. ఆయన లేచి చెవి పట్టుకున్నారు.

వంట అయ్యేసరికి అయ్యగారు తిరిగొచ్చారు. నాన్నగారే ఎదురెళ్ళి జరిగింది చెప్పారు. అయ్యగారు అంతా విని, ప్రార్థనకు నిలబడి తాతగారి పేరు ఎత్తబోతే, నాన్నగారు చెయ్యెత్తి, "వద్దు అయ్యగారూ," అన్నారు.

నేను అలవాటుగా గరిటె అందుకున్నాను.

"అది క్యాంపు వాళ్ళకివ్వు," అన్నారు నాన్నగారు. పళ్ళెం తీసుకుని వరస చివర నిలబడ్డారు. మోకాళ్ళ దగ్గర మట్టి అలాగే ఉంది. "రా, నా వెనక నిలబడు."

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. చర్చి అంతా చూస్తోంది. గరిటె ఆ బిడ్డతల్లికి ఇచ్చి, పళ్ళెం వెతుక్కుని వెళ్ళి నిలబడ్డాను, వెన్ను నిటారుగానే.

"ఆగే బఢో, ముందుకి జరగండి," అన్నారు నా వెనక చేరినవాళ్ళు.

జరిగాను.